కొండవీటి చాంతాడు, గోపీనాథుడి గుమ్మం

రేషన్ షాపు ముందు బారు పెరిగినా, వదినగారి ఫోను ముచ్చట ఎంతకీ తెమలకపోయినా, దస్తావేజులో షరతులు పేజీలు దాటినా మన నోట ఒకటే మాట: కొండవీటి చాంతాడు. ఈ మాట వాడని తెలుగువాడు ఉండడు. ఆ తాడు ఏ ఊరి బావిలోకి దిగేదో చూసినవాళ్ళు మాత్రం తక్కువే.

ఆ ఊరు పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉంది. చిలకలూరిపేట నుంచైనా వెళ్ళొచ్చు, ఫిరంగిపురం వైపు నుంచైనా వెళ్ళొచ్చు. అంతా రాతి నేల. రాజులున్న రోజుల్లో అది కిక్కిరిసిన పట్నం. బావి తవ్వితే నీళ్ళు ఎక్కడో పాతాళంలో పడేవి. అంత లోతుకు చేద దించాలంటే తాడు బారలకు బారలు కావాలి. ఆ తాడే సామెతకెక్కింది. రాజ్యం పోయింది, పట్నం పల్లె అయింది, తాడు మాత్రం ఇంకా తెగలేదు.

వీడు అంటే వాడు కాదు

కొత్తవాళ్ళు ‘కొండవీడు’ విని, ఎవడీ వీడు అని నవ్వుతారు. వీడు అంటే పాత తెలుగులో పట్నం. కొండ మీది పట్నం, కొండవీడు. విభక్తి చేరితే కొండవీటి. పేరులోనే కోట పటం గీసి పెట్టారు: ముందు కొండ, తర్వాతే ఊరు.

కింద దాహం, పైన చెరువులు

అసలు వింత ఇక్కడుంది. కింద బావుల్లో నీటికి అంత తిప్పలు పడితే, సముద్ర మట్టానికి సుమారు 1,700 అడుగుల దాకా లేచిన ఆ కొండ వరసల మీద మూడు చెరువులున్నాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. కొండల మధ్య పల్లాలకు కట్టలు వేసి వాన నీటిని ఆపారు. ఒకటి నిండితే మిగులు నీరు రెండోదానికి, అదీ నిండితే మూడోదానికి. శత్రువు కింద నెలల తరబడి గుడారాలు వేసుకు కూర్చున్నా పైవాళ్ళు దాహంతో చావకూడదు కదా. కోటకు గోడ ఎంతో చెరువూ అంతే. గోడ కూలినా వారం రోజులు పోరాడొచ్చు, నీళ్ళు అయిపోతే రెండో రోజే తలుపు తీయాలి.

నేను వెళ్ళింది మే నెలలో. సీసా ఖాళీ అయ్యాక మెట్ల మీద కూలబడితే, మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఒకాయన ఆగాడు. “ఏందబ్బాయ్, ఒక్క సీసాతోనే ఎక్కావా? రాజులే మూడు చెరువులు తవ్వించుకున్నారు గందా!” అన్నాడు. ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది కాబట్టి కారు పైదాకా పోతుంది. కారులో పోయేవాడికి ఆ చెరువుల విలువ తెలిసే దారి లేదు.

దేవుడి ఇంటికి బురుజులు

ఇక గుడి సంగతి. దానికి ముందు ఒక్కసారి ఐరోపా వెళ్ళొద్దాం. రుమేనియాలోని ట్రాన్సిల్వేనియా ప్రాంతంలో ప్రెజ్మెర్ అనే ఊరుంది. అక్కడి చర్చి చుట్టూ 12 మీటర్ల ఎత్తు గోడ. గోడ లోపలి వైపు తేనెతుట్టెలా 272 గదులు. దండు వస్తోందని కబురు అందగానే ఊరంతా గింజలు, ఉప్పేసిన మాంసం, పిల్లాజెల్లాతో సహా ఆ గదుల్లోకి చేరేవాళ్ళు. ఏ ఇంటికి ఏ గది అన్నది ముందే ఖరారు. ఫ్రాన్సులోని ఆల్బి పట్నంలో 1282లో మొదలెట్టిన పెద్ద చర్చినైతే ఎవరూ చర్చి అనుకోరు. నిటారుగా ఇటుక గోడలు, ఎక్కడో పైన సన్నటి కిటికీలు. స్థానికులు మతం విషయంలో ఎదురు తిరిగి అణగారిన నేల అది. ఎవరి చేతిలో అధికారం ఉందో చూపడానికే గోడ అలా లేపారు.

మనకు చర్చి కోటలు లేవు. గుడి కోటలున్నాయి. కొండవీడు కొండ దిగువన ఉన్న గోపీనాథస్వామి గుడి చూడండి. ఎత్తయిన రాతి గోడ, లోపల చీకటి కమ్మిన స్తంభాల మండపం. మొదటిసారి చూసేవాడికి ఇది కోటలో కట్టిన గుడా, గుడిగా మార్చిన కోటా అని అనుమానం వస్తుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని గోపీనాథుడి గుడి అనడం తక్కువే. కత్తుల బావి అంటారు.

ఒక్కొక్కరుగా రండి

ఆ పేరు వెనక కథ ఇది. కృష్ణదేవరాయల కాలంలో జరిగిందని చెబుతారు. కొండవీటి సీమలో 72 మంది చిన్న దొరలు. ఎవరికి వారే మొనగాళ్ళు, ఎవరూ కొత్త ప్రభువుకు తల వంచరు. వాళ్ళను దారికి తేవడానికి వచ్చిన మంత్రి యుద్ధం మాట ఎత్తలేదు. గుడి కట్టాడు. ప్రతిష్ఠకు అందరినీ పిలిచాడు. గర్భగుడి దారి ఇరుకు, లోపల చీకటి. స్వామి దర్శనానికి ఒక్కొక్కరే రావాలని కట్టడి. ఒకరు వెళ్ళి రాకముందే రెండోవారిని పంపారు. లోపలికి పోయినవాడు పోయినట్టే. చీకట్లో కత్తి, కత్తి కింద బావి. బయట మేళతాళాలు మోగుతూనే ఉన్నాయి.

నిజమా అని అడిగితే, 72 మందిలో ఒక్కడికైనా ముందు వెళ్ళినవాడు ఏడీ అన్న అనుమానం రాలేదా అని నాకూ అనిపిస్తుంది. అయితే దర్శనం చేసుకున్నవాడు మరో దారిలో బయటికి పోతాడని నమ్మించి ఉంటారని ఊళ్ళో దానికీ సమాధానం సిద్ధంగా ఉంటుంది. కథ నిజమో కాదో పక్కన పెట్టండి. కట్టడాన్ని మాత్రం ఈ కథ సరిగ్గా చదివింది. గుడి గుమ్మం ఎందుకు పొట్టిగా ఉంటుంది? దేవుడి ముందు తల వంచాలని పెద్దలు చెబుతారు. కోట దిడ్డి వాకిలి ఎందుకు పొట్టిగా ఉంటుంది? తల వంచి వచ్చేవాడి చేతిలో కత్తి లేవదు. రెండు గుమ్మాల కొలత ఒకటే. ఒకచోట అది భక్తి, మరోచోట అది యుద్ధం. కథ అల్లినవాడు ఆ రెండింటినీ ఒక్క గడప మీద నిలబెట్టాడు.

గుళ్ళోకి ఫిరంగులు

గుడి గోడను కోట గోడలా వాడుకోవడం కథల్లోనే కాదు, చరిత్రలోనూ కావలసినంత ఉంది. శ్రీరంగం ఏడు ప్రాకారాల మధ్య ఫ్రెంచి సేన తలదాచుకుని, చివరికి 1752 జూన్‌లో ఇంగ్లీషువాళ్ళకు లొంగిపోయింది. 1781లో చిదంబరం గుడిలో హైదరాలీ మనుషులుంటే, ఐర్ కూట్ అంతటి సేనాని దాడి చేసి, గోడ దాటలేక వెనక్కి తిరిగాడు. వెయ్యేళ్ళుగా బంగారం, ధాన్యం, ఆభరణాలు దాచిన చోటు గుడి. గోడ గట్టిగా లేకుండా ఎలా ఉంటుంది?

మాచర్ల నుంచి నల్లమల మీదుగా శ్రీశైలం పోయేవాళ్ళు మల్లన్న దర్శనం తొందరలో ఒకటి వదిలేస్తారు. గుడి బయటి ప్రాకారం. సుమారు 600 అడుగుల పొడవు, 500 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. టన్ను పైబడిన రాళ్ళు వరసలు వరసలుగా పేర్చారు. కింద సాదా రాళ్ళు. పైకి పోతే బారులు తీరిన ఏనుగులు, గుర్రాలు, వేటకాళ్ళు, అర్జునుడి తపస్సు. కోటకు ఉండవలసిన గోడ మీద బొమ్మల పుస్తకం. నన్నడిగితే గుడి లోపల గంట, గోడ చుట్టూ గంట నడవాలి. పిల్లలుంటే గోడకే రెండు గంటలు.

ఆ శ్రీశైలానికీ కొండవీటికీ చుట్టరికం ఉంది. రెడ్డి రాజ్యం నిలబెట్టిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించాడు. భక్తి ఆవేశంలో వీరశైవులు తమ తలలూ నాలుకలూ తామే తెగ్గోసుకుని మల్లికార్జునుడికి అర్పించిన చోటు అది. గుడిలో కత్తికి అంత స్థానం ఉన్న రోజులవి.

రాయి ఎలా చీలింది

కొండవీటి గోడ దగ్గర నిలబడి ఒక రాయి అంచు చూడండి. వరసగా చిన్న చిన్న నలుచదరపు గాట్లు కనిపిస్తాయి, ఎవరో దువ్వెన పళ్ళతో గీసినట్టు. అది చెక్కడం కాదు, చీల్చడం తాలూకు గుర్తు. బండ మీద తాడు పరిచి గీత గీస్తారు. గీత వెంట ఉలితో జానెడు దూరానికొక గుంట. ప్రతి గుంటలో చీల దిగగొడతారు. ఇనపదైతే సమ్మెటతో వరసగా ఒక్కో దెబ్బ, మళ్ళీ మొదటి నుంచి ఒక్కో దెబ్బ. కొయ్యదైతే నీళ్ళు పోసి వదిలేస్తారు. కొయ్య ఉబ్బుతుంది. ఎప్పుడో ఒకప్పుడు ‘టక్’మని బండ గీత వెంట రెండవుతుంది. అనుభవమున్న వడ్డెర పెద్ద ఆ చప్పుడు విని రాయి నిలువునా చీలిందో, పక్కకు పారిందో చెప్పగలడు.

ఆ సగం గాటు ఒక రాయికీ, మిగతా సగం జత రాయికీ ఉండిపోతాయి. గుడి గోడ రాయికీ అవే గాట్లు, కోట బురుజు రాయికీ అవే గాట్లు. ఉలికి దేవుడూ తెలియదు, దొరా తెలియదు.

కోమటి పేరు రెడ్డికెందుకొచ్చింది

కొండవీడు ఏలిన రెడ్లు ముందు అద్దంకి నుంచి ఏలేవాళ్ళు. 1325లో ప్రోలయ వేముడు మొదలెడితే, ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండ మీదికి మార్చాడు. అద్దంకి మైదానం. ఢిల్లీ గుర్రాలు చూసినవాళ్ళకు కొండ విలువ తెలుస్తుంది. 1424 ప్రాంతంలో విజయనగరం చేతికి పోయేదాకా, లెక్కకు నూరేళ్ళే వాళ్ళ రాజ్యం. ఆ నూరేళ్ళకే ఇంత పేరు.

వాళ్ళలో ఒకరి పేరు పెదకోమటి వేమారెడ్డి. రెడ్డి ఇంట కోమటి పేరేమిటి? కొండవీటి దండకవిలె అనే పాత స్థానిక కవిలెలు దీనికో కథ చెబుతాయి. రెడ్ల మూలపురుషుడికి ఒక కోమటి దగ్గరున్న పరుసవేది దక్కింది. సొమ్ము పోయిన కోమటి ప్రాణం తీసుకున్నాడు. ఆ పాపం పోవడానికి వంశంలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకుంటామని మొక్కుకున్నారట. రాజ్యాలకు పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జనం తమకు తోచిన జవాబు చెప్పుకున్నారు. చాలాచోట్ల ఆ జవాబు పరుసవేదే, లేకపోతే లంకెబిందె.

మెడలో పొగడదండ

పెదకోమటి వేముడి కొలువులో విద్యాధికారి శ్రీనాథుడు. రాజుగారి శాసనాలు కొన్ని ఆయనే రాశాడు. 1409 నాటి ఫిరంగిపురం శాసనం ఆయనదే. రాణి సూరాంబ అక్కడ సంతానసాగరం అనే చెరువు తవ్వించిన సంగతి అందులో ఉంది. 1415 నాటి అమీనాబాద్ శాసనమూ ఆయన రచనే. ఆ చెరువులోకి నీళ్ళు తేవడానికి రాణి కొడుకు రాచవేముడు కాలువ తవ్వించి, జగనొబ్బగండ కాలువ అని తన బిరుదే పెట్టాడు. అమ్మ చెరువు తవ్విస్తే కొడుకు కాలువ తెచ్చాడన్నమాట. చెరువును కూడా ఏడు సంతానాల్లో ఒకటిగా లెక్కపెట్టడం అప్పటి ఆనవాయితీ. ఈ చెరువుకు మాత్రం కన్న సంతానమే నీళ్ళు పోసింది.

ఆ రాజ్యం పోయాక శ్రీనాథుడి గతి వేరు. బొడ్డుపల్లె గుత్తకు తీసుకున్నాడట. కృష్ణ పొంగి పంట తుడిచిపెట్టుకుపోయింది. 700 టంకాలు కట్టాలి. కట్టలేని కవిసార్వభౌముణ్ణి వీధిలో ఎండలో నిలబెట్టారని, కోట వాకిట ఉండే నల్లగుండు భుజాన మోపించారని, మెడలో పొగడదండ వేశారని ఆయన పేరిట నిలిచిన చాటువు చెబుతుంది. పొగడదండ అంటే పూలదండ అనుకునేరు. అప్పు ఎగ్గొట్టినవాడి మెడకు తగిలించే బరువైన శిక్ష సాధనం అది. పొగడపూలు అంత సువాసన, ఆ దండ అంత అవమానం. మాట ఒకటే. రాజుగారి కొలువులో వెలిగిన కవికి ఆ శ్లేష ఎంత మంటగా ఉండి ఉంటుందో. ఆ నల్లగుండు ఇప్పుడు ఏ గోడలో ఇమిడిందో ఎవరికి ఎరుక.

కర్పూరం వాన

ఇంతకు ముందు ఇదే పట్నంలో డబ్బు నీళ్ళలా పారింది, చాంతాడు అక్కర్లేకుండా. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు పెట్టింది పేరు. కర్పూర వసంతరాయలని బిరుదు తెచ్చుకున్నాడు. వీధుల్లో చల్లడానికి అంత కర్పూరం, కస్తూరి, గంధం ఎక్కడివి? అవచి తిప్పయ్య శెట్టి అనే వర్తకుడు ఓడల మీద తెప్పించి అందించేవాడు. శ్రీనాథుడి హరవిలాసం అంకితమైంది ఆయనకే. మోటుపల్లి రేవులో 1358లో అనవోతారెడ్డి పరదేశి వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. సంస్కృతం, తెలుగు, తమిళం మూడు భాషల్లో. వచ్చే సరుకు ఎక్కడిదైనా చదువుకునే భాష ఒకటుండాలిగా.

1515 ఆషాఢం

ఈ సీమ తర్వాత విజయనగరం నుంచి ఒడిశా గజపతుల చేతికి పోయింది. వాళ్ళ చేతిలో ఉన్న ఉదయగిరిని 1514లో తీసుకున్నాక కృష్ణదేవరాయల దండు ఇటు తిరిగింది. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం. ఈ పేర్లు ఒక్కసారి గట్టిగా చదవండి. దాదాపు ఇప్పటి పల్నాడు జిల్లా బస్సు బోర్డులే. అన్నీ పడ్డాక కొండవీడు మిగిలింది. 1515 జూన్ 23న, ఆషాఢ ఏకాదశి శనివారం అది లొంగింది. తేదీ ఇంత కచ్చితంగా తెలియడానికి కారణం మంగళగిరి రాతి స్తంభం మీది శాసనం.

పట్టుబడినవాళ్ళ జాబితా చదివితే బడి పుస్తకాల్లోని ముద్రలు కొన్ని చెదురుతాయి. గజపతి కొడుకు వీరభద్రుడు ఉన్నాడు సరే. పూసపాటి రాచిరాజు, శ్రీనాథరాజు ఉన్నారు. వాళ్ళ పక్కనే రాచూరి మల్లూఖాను, ఉద్దండఖాను. జగన్నాథుడి భక్తుడైన ఒరియా రాజు కోటను విఠలుడి భక్తుడైన రాయల నుంచి కాపాడటానికి ఖానులు కత్తి పట్టారు. ఆనాటి దండులో జీతం ఎవరిచ్చారన్నదే మొదటి ప్రశ్న, పూజ ఎవరికన్నది తర్వాతి సంగతి.

గెలిచిన రాయలు నేరుగా అమరావతి వెళ్ళాడు. తిరుమలదేవి, చిన్నాదేవి వెంట ఉన్నారు. అమరేశ్వరుడి ముందు తులాపురుషదానం ఇచ్చాడు, అంటే తన ఎత్తు బంగారం తూచి పంచాడు. కోట దిగి గుడికి, గుడి దిగి తర్వాతి కోటకు. ఆ దండయాత్ర దారిని పటం మీద గీస్తే, యాత్రకు వెళ్ళిన దారో యుద్ధానికి వెళ్ళిన దారో తేల్చుకోలేం.

గుంటూరు మిర్చి లేని గుంటూరు సీమ

కోట రాయల మంత్రి సాళువ తిమ్మరుసు చేతికి వచ్చింది, ఆయన దాన్ని మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రికి అప్పగించాడు. ఈ గోపన్న ఒట్టి అధికారి కాదు, ప్రబోధచంద్రోదయం నాటకానికి వ్యాఖ్యానం రాసిన పండితుడు. ఆయన హయాంలో 1520 నాటి శాసనం ఒకటి కొండవీట్లో ఉంది. రఘునాయకస్వామి గుడికి సంతలో ఏ సరుకు మీద ఎంత సుంకం రావాలో అందులో రాశారు.

నాకు ఈ శాసనం మీద ప్రేమ ఎక్కువ. రాజుల బిరుదులు ఎన్ని చదివినా ఊరు కనపడదు. ఇది చదివితే బుధవారం సంత మధ్యలో నిలబడినట్టుంటుంది. ఉప్పు, మామిడికాయలు, వంకాయలు, నువ్వులు, గోధుమలు, మినుములు, పత్తి, చింతపండు, ఉల్లి, పసుపు, మెంతులు, జీలకర్ర, ఆవాలు, పచ్చి అల్లం, నిమ్మకాయలు, కొబ్బరికాయలు, బెల్లం, నెయ్యి, ఆముదం. ఇంకో వరసలో ఇనుము, ఉక్కు, ఉలులు. చివర్లో ఖరీదు సరుకు: మిరియాలు, పిప్పళ్ళు, గంధం, లవంగాలు, జాజికాయ, జాపత్రి, సీసం, తగరం, రాగి.

వెతికారా? మిరపకాయ లేదు. ఈరోజు దేశానికి కారం పంచే సీమలో, మామిడికాయా ఆవాలూ ఉప్పూ నూనె గింజలూ అన్నీ ఉన్న సంతలో, ఆవకాయకు కావలసిన ఒక్కటి తక్కువ. మిరప అమెరికా మొక్క. పోర్చుగీసు ఓడలతో ఈ దేశానికి వచ్చి, పొలాల్లోకి పాకడానికి ఇంకా సమయం పట్టింది. గోపమంత్రిగారి ఇంట కారం అంటే మిరియమే. పాపం.

పేర్లు మారిన దర్వాజాలు

1580 ప్రాంతంలో కోట గోల్కొండ నవాబుల చేతికి పోయింది. ముర్తజానగర్ అని పేరు పెట్టారు. కాగితాల్లో అది చాలాకాలం నడిచింది, జనం నోట మాత్రం నడవలేదు. 1752లో ఫ్రెంచివాళ్ళకు, 1788లో ఇంగ్లీషు కంపెనీకి. కంపెనీవాళ్ళకు కొండ ఎక్కే ఓపిక లేదు, అవసరమూ లేదు. కచేరీలు మైదానంలోని గుంటూరులో నడిచాయి. ఫిరంగి కాలంలో కొండ కోట బరువే.

కోట రెండు సింహద్వారాల పేర్లు మాత్రం చూడండి: కొలేపల్లి దర్వాజా, నాదెళ్ళ దర్వాజా. ముందు మాట తెలుగు ఊరు, వెనక మాట పారసీకం. ఏ పాలకుడూ ఇంత బాగా రాజీ కుదర్చలేదు.

గోడ లేని కోట

గోడ చాటున నిలిచే గుడికి కారెంపూడి వీరుల గుడి సరిగ్గా వ్యతిరేకం. నాగులేరు ఒడ్డున, 1182 ప్రాంతంలో పల్నాటి యుద్ధంలో మాచర్లా గురజాలా తలపడి అన్నదమ్ములు అన్నదమ్ములను నరుక్కున్న చోట, 66 మంది వీరులు దేవుళ్ళయ్యారు. ఇక్కడ కాపలాకు గోడ అక్కర్లేదు. కాపలా కాసేదే కత్తులు. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు జరుగుతాయి. వీరాచారవంతులు తమ ఇళ్ళలో పూజించుకునే కొణతాలు అనే ఆయుధాలు మోసుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మందపోరు నాడు మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తుగా కులం అడక్కుండా కలిసి తింటారు. ఎనిమిదొందల ఏళ్ళ నాటి యుద్ధాన్ని ఏటా తిథి ప్రకారం మళ్ళీ నడిపే ఊరు ఇంకొకటి చూపించండి.

బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడ్డ చెన్నకేశవ ఆలయం మాచర్లలో చంద్రవంక ఒడ్డున ఉంది. గుడిని ఒరుసుకుంటూ పోయే ఆ వాగే ముందుకెళ్ళి ఎత్తిపోతల దగ్గర దూకుతుంది. సెల్ఫీలకు జనం అక్కడ ఆగుతారు, గుడి దగ్గర ఆగేవాళ్ళు తక్కువ.

పేరులో కోట, కొండ మీద లేదు

కోటప్పకొండ మీద కోట ఎక్కడుందని నరసరావుపేటలో ఒక పిల్లవాడు వాళ్ళ నాన్నను అడగడం విన్నాను. నాన్న ‘పడిపోయిందిరా’ అనేశాడు. పడలేదు, లేదు. మూడు కూటాలు, అంటే మూడు శిఖరాలున్న కొండ త్రికూటం. అక్కడి శివుడు త్రికూటేశ్వరుడు, జనం నోట త్రికోటేశ్వరుడు, ఇంకా చనువుగా కోటప్ప. కోటలు లేని కొండకు కోట పేరు వచ్చింది. ఊళ్ళ పేర్లు చూసి చరిత్ర రాసేవాళ్ళు ఒకసారి కోటప్పకు దణ్ణం పెట్టుకుని మొదలెట్టడం మంచిది.

నీళ్ళ కందకం

రాయలు పట్టిన కోటల్లో నాగార్జునకొండది వింత గతి. 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వి, ఇక్ష్వాకుల నాటి విహారాలూ స్తూపాలూ బయటపెట్టారు. తర్వాత సాగర్ నీళ్ళు నిండి లోయ మునిగింది. కొన్ని కట్టడాలను విప్పి అనుపులోనూ కొండ మీదా మళ్ళీ పేర్చారు. కొండ మీది మధ్యయుగపు కోట గోడలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఇప్పుడు ఆ కొండ దీవి. లాంచీ దిగి మ్యూజియానికి నడిచే దారి ఆ పాత కోట గోడ సందులోంచే పోతుంది. ఏ రెడ్డి రాజూ తవ్వించలేనంత కందకం, ఇన్నాళ్ళకు, కోటతో ఎవరికీ పని లేని రోజున వచ్చింది.

చివరికి ఒక చర్చి

చర్చి కోటల మాటతో కదా ఐరోపా వెళ్ళాం. కొండవీటి కొండకు అవతల ఫిరంగిపురంలో నిజంగానే పెద్ద చర్చి ఉంది. బాల ఏసు చర్చి, 19వ శతాబ్ది చివర కట్టింది. దానికి బురుజుల్లేవు, దిడ్డి వాకిళ్ళు లేవు. తుపాకీ గుళ్ళ భయం పోయిన కాలంలో కట్టిన కట్టడం, తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. క్రిస్మసు రోజుల్లో ఆ రోడ్డు మీద కారు కదలదు.

అదే ఊళ్ళో సూరాంబ తవ్వించిన సంతానసాగరం, పక్కనే ఆమె కొడుకు కాలువ సంగతి చెప్పే అమీనాబాద్. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఫిరంగిపురం మండలం గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, యడ్లపాడు మండలం పల్నాడులోకి వచ్చింది. ఇప్పుడు రాణిగారి చెరువు ఒక జిల్లాలో, ఆమె కాపురమున్న కోట ఇంకో జిల్లాలో. చెరువు గట్టు మీద నిలబడి చూస్తే కొండ కనిపిస్తూనే ఉంటుంది.